బజారులో వినిపించిన ముద్దుపేరు

అమ్మా,

మేమిద్దరం క్షేమం. "అల్లుడు నోరు విప్పడేమే" అని పెళ్లినాటి నుంచీ దిగులుపడుతున్నావుగా, ఇక మానెయ్. కొత్త ఊళ్లో తినడం, కాళ్లు పీకేదాకా తిరగడం, ఇదే మా పని. నిన్న బజారులో వేడివేడి చేపముక్కలు తింటూ గాజుసామాను కొట్టు ముందు నిలబడిపోయాను. తలెత్తేసరికి ఆయన లేరు! దిగిన హోటలు పేరైనా గుర్తులేదు. "ఏమండీ" అని పిలిస్తే ఆ గోలలో నా గొంతు నాకే వినపడలేదు. ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో సందు చివర నుంచి "బుజ్జులూ! ఓ బుజ్జులూ!" అని కేక. మన ఇంట్లో తప్ప ఎవరికీ తెలియని పేరు! జనమంతా తిరిగి చూశారు. ఆయనే, చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "కంగారులో నీ అసలు పేరు నోటికి రాలేదు" అన్నారు. సిగ్గుతో చచ్చాననుకో. ఆ తర్వాత గదికి చేరేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను.

నా నీలం స్వెట్టరు బీరువాలో ఉందేమో చూడు. నాన్న దగ్గు తగ్గిందా? ఆ పేరు ఆయన చెవిన వేసిందెవరో కనుక్కో. నాన్నమ్మే అయితే కోప్పడకు. నా తరఫున ఆవిడ కాళ్లకు దండం పెట్టు.

నీ కూతురు