రాణి చీమ గుడ్లు

మార్చి 2000, ఆదివారం రాత్రి, మెల్‌బోర్న్

వై టూ కే కంప్యూటర్ల పని అయిపోయి ఆయన ఇంట్లో కూర్చుని రెండు నెలలు. పది రోజుల కిందట వాన వెలిశాక లెటర్ బాక్స్ దగ్గర ఆయనకో చీమ దొరికింది. రెక్కలు రాలిన గుర్తులూ, లావు పొట్టా లైబ్రరీ పుస్తకంతో పోల్చి చూసుకుని, "ఇది రాణి" అన్నారు. నీళ్లూ దూదీ పెట్టిన గాజు గొట్టంలో వేసి, నల్లగుడ్డ చుట్టి బీరువాలో దాచారు.

"తిండేం అక్కర్లేదు. డిస్టర్బ్ చేస్తే దాని గుడ్లు అదే తినేస్తుంది. నువ్వు ముట్టుకోకు" అన్నారు.

చీమలకు పంచదార వేయడం మా అమ్మ దగ్గర నేర్చిన అలవాటు. దాన్ని ఆకలితో ఉంచడానికి మనసొప్పక, మూడు రోజులుగా దొంగచాటుగా దూది తీసి ఒక్కో పలుకు వేస్తున్నాను. మొన్న చిన్న కుప్పగా గుడ్లు కనిపించాయి. ఇవాళ ఒక్కటీ లేదు. పంచదార మాత్రం అలాగే ఉంది. నా చేతులు విరగ!

పడుకోబోతూ ఆయన అడిగారు, "ఈపాటికి గుడ్లు పెట్టి ఉంటుంది కదూ?"

"పెట్టే ఉంటుందండీ" అన్నాను.

"వచ్చే వారం జాబ్ ఏజెంట్ ఫోన్ చేస్తాడులే" అని ఆయన రోజూ నాతో అనే గొంతుతోనే చెప్పాను ఆ మాట.