చెట్టుకొక ఇంగ్లీషు మాట

ఆగిరిపల్లి, 14-3-48

అక్కా, నేను కులాసా. ఇంగ్లీషులో తప్పానని చదువు మాత్రం మానను.

మాటలూ జాతీయాలూ ఒంటబట్టాలని మామయ్య గుత్తకు తీసుకున్న మామిడితోటలో చెట్టుకొకటి చొప్పున సున్నంతో రాశాను. అమ్మిన చెట్టుకు సున్నం గుర్తు పెడతారన్న సంగతే మరిచాను. కాపు కొనడానికి వచ్చిన షావుకారు "అన్నీ అమ్మేశారా? ముందే చెప్పొద్దాండీ?" అంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. మామయ్య తిట్టి, అన్నీ నా చేతే కడిగించాడు. నేనే నూజివీడు నడిచివెళ్ళి షావుకారుని బతిమాలి తీసుకొచ్చాను.

గేదె ఈనిందా? నా డిక్షనరీ వచ్చేవాళ్ళ చేత పంపు. బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

సెప్టెంబరు పరీక్షకు కడుతున్నాను. సున్నం పోయినా, చెట్టు ముందు నిలబడితే చాలు, దాని మాట నోటికి వస్తోంది.

నీ తమ్ముడు పెద్దిరాజు