చెరకు డబ్బు ముందు ఎవరికి

రుద్రూర్, శనివారం రాత్రి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరకు డబ్బు తెచ్చిన గంటలోనే ఇంట్లో నెత్తురు పడింది. ఈసారి ముందు కూలీల బాకీ తీర్చాలని బాపూ నేనూ అనుకున్నాం. చలిలో వణుకుతూ మా చెరకు నరికింది వాళ్లే. నోట్లు విడదీస్తుండగా మేం బాకీపడ్డ వడ్డీ సేటు మనిషి గడప దాటి వచ్చాడు.

"మా సేటుకు ముందియ్యవా ముసలోడా?" అంటూ వాకిట్లోని చెరకుగడ తీసి బాపు మూతి మీద కొట్టాడు. గడ విరిగింది. పన్ను ఊడి అరుగు మీద పడింది. నేను గొడ్డలి అందుకున్నాను. వాడి మెడ మీద వేసేవాణ్ణే, అవ్వ నా కాళ్లు చుట్టేసుకుంది.

"ఇచ్చెయ్ బిడ్డా, మల్ల కొడ్తడు!"

డబ్బంతా వాడి ముఖాన విసిరాను. వాడు నవ్వుకుంటూ ఏరుకున్నాడు.

సాయంత్రం లసుమవ్వ కూలి అడగడానికి వచ్చింది. చెరకు నరికిన కొడవలి ఇంకా ఆమె నడుముకే ఉంది. "పైసల్లేవు, పో!" అని కుక్కను అదిలించినట్టు అదిలించాను. ఆమె బాపు వాచిన మూతిని చాలాసేపు చూసింది.

"కొట్టినోనికే ముందిస్తరా పటేలా? గట్లయితె నేను గూడ కొట్టాల్నా?"

తలుపు ధడాలున వేశాను. వాణ్ణి నరకాల్సింది. లేకపోతే ఆమైనా...

ఆమె నన్ను కొట్టి ఉంటే బాగుండేది.