కొండ మీది అల్మానెగ్ర చెట్టు

అన్నయ్యా, నేను చెట్టు మీంచి పడ్డానని ఎవరో నీతో అన్నారట. ఒట్టి మాట, కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. జరిగింది వేరు. ఈ కొండ మీద మిగిలిన ఒకే ఒక్క పెద్ద అల్మానెగ్ర చెట్టుని దూలాలకని కొట్టడానికి, ఆ నల్లచేవ చెట్టు ఆసామి దోన్ ఎలియేసెర్ మంగళవారం రంపంతో వచ్చాడు. మొలకెత్తించి నారు పెంచుదామని, నేనప్పటికే గింజల కోసం కొమ్మెక్కి ఉన్నాను. "దిగవే పిల్లా, చెట్టు నాది!" అని అరిచాడు. "చెట్టు మీదే, కానీ నేను దిగను" అన్నాను. మంచులో తడుస్తూ మధ్యాహ్నం దాకా పైనే కూర్చున్నాను. చివరికి ఆయన భార్య దోన్యా బెర్నార్దా మొక్కజొన్న రొట్టెలు పట్టుకొచ్చి, సంగతి విని, "ఈ చెట్టు పువ్వు తెచ్చిచ్చే కదయ్యా నన్ను చేసుకుంటానన్నావు! సిగ్గులేదూ?" అని కడిగేసింది. ఆయన నవ్వాపుకోలేక రంపం భుజానేసుకుని, "కాయలన్నీ దులిపెయ్యకు, పిట్టలకీ వదులు" అంటూ వెళ్లిపోయాడు. ఎర్రటి గింజలు దోసెడు దొరికాయి.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆవు ఈనిందా? నా ఉన్ని రువానా బస్సులో పంపు, కప్పుకోడానికి ఏమీ లేదు. అక్కడ మన పైపొలంలో ఉన్న అల్మానెగ్రని కూడా ఎవరినీ ముట్టనివ్వకు. మొలకలొచ్చాక మొదటిది మన పెరట్లోనే పెడతాను. ఎన్నేళ్లు పట్టినా పూయించి తీరతాను. అమ్మని నన్ను దీవించమను.

నీ చెల్లెలు ఒలీవా