ఫ్యాను కింద నాలుగు సెంటీమీటర్లు

జెమీమా, నువ్వు తెచ్చిన ఆ కంప్యూటర్ మెమరీ ప్యాకెట్ చించబాక. సీలు ఉంటేనే మార్చిస్తానని షాపతను ఫోన్లో చెప్పినాడు. అన్నం తిని ఎండ తగ్గినాక నెల్లూరు పో. లైట్లు లేని పొట్టివి అడుగు. ఎనిమిది జీబీవే రెండు.

ఎందుకంటావా? పొద్దున నువ్వు కాలేజీకి పోయినాక నీ కంప్యూటర్ పెట్టెలోకి తొంగి చూసినా. మెమరీ గుచ్చే చోటు మీదకి ఆ పెద్ద ఫ్యాను వంగి ఉంది. టేపు పెట్టినా. బోర్డు నుంచి ఫ్యాను దాకా నాలుగు సెంటీమీటర్లే. నీ రంగుల లైట్లవి ప్యాకెట్ మీద నుంచి కొలిస్తేనే నాలుగున్నర. బలవంతంగా దూర్చుంటే ఏదో ఒకటి విరిగేది.

ఇంకో సందేహం. పదహారుది ఒకటి కొనకుండా ఎనిమిదివి రెండెందుకు? ఒకే జాకెట్‌కి నేనూ మీ అత్తా చెరో చెయ్యి కుట్టినట్టు, రెండూ ఒకేసారి పని చేస్తాయా? నిన్న అడిగితే "నీకవన్నీ తెలీవులేమ్మా" అన్నావు. తెలీదు కాబట్టే కొలిచినాను. తెలిసినదానివి, నువ్వు కొలవలేదు.

చర్చిలో పాటలు పాడే క్వైర్ వాళ్ల జాకెట్లు ఇచ్చేదానికి తోటపల్లి గూడూరు పోతున్నా. ఏడింటికల్లా వస్తా.

అమ్మ

లైట్లు లేవని మొహం మాడ్చుకోబాక. క్రిస్మస్ స్టార్‌లో పెట్టే సీరియల్ లైట్లు అటక మీద ఉన్నాయి, పెట్టె చుట్టూ కట్టుకో. మెమరీ మాత్రం నేను వచ్చేదాకా గుచ్చబాక. ఎట్లా పెడతావో నాకూ చూడాలనుంది.