ఆ నవల చివర తమ్ముడు తిరిగొస్తాడు

తమ్మీ,

రాస్తే ఎవరి చేతిలో పడుతుందోనని, నువ్వు అడవికి పోయిన నాటి నుంచి నీకు ఒక్క ముక్క రాయలేదు. కానీ నిన్న చదివిన నవల గురించి ఇంకెవరికి చెప్పను? నాకు పుస్తకాలు అలవాటు చేసింది నువ్వే.

రాబోయే కాలంలో దేశం రెండుగా చీలి కొట్టుకుంటుందట. భయంతో జనం మాటలు తగ్గించుకోవడం మన సిరిసిల్లలో చూసినట్టే రాశాడు. కానీ పుస్తకమంతా వెతికినా ఎవరికీ ఆకలి వేయదు. చదువుతూ కూర్చుంటే మీ బావ, "గా యుద్ధం అయిపోయినంకనే బువ్వ పెడ్తవా?" అన్నాడు.

చివర, చనిపోయాడని అక్క కర్మ చేసిన తమ్ముడు తిరిగొస్తాడు. నమ్మేలా లేదు. అయినా ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివాను. అది నవలకు బలమో, బలహీనతో తేల్చుకోలేకపోతున్నాను.

ఈ రోజు కొండగట్టులో అర్చన చేయించాను. అర్చనలో బతికున్నవాళ్ల పేర్లే చెప్పాలి. కాసేపు తడబడి, పుట్టింటి గోత్రంతో నీ పేరు చెప్పాను.

"తమ్ముడు ఏడుంటడమ్మా?" అన్నాడు పూజారి.

"ఊరికి పోయిండయ్యా."

"అచ్చినంక తోల్కరా."

సరేనన్నాను. తప్పు చేశానా, తమ్మీ?

ఈ కాగితాలు చేరితే దాచుకో. ఎవరికీ చూపకు.

అక్క