నా సిగ్గరి కణాలు

మా ఇంటి పెద్దగొంతుకు,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోన్లో చెబుదామంటే నీ మాటలు అయ్యేసరికి నా మాటలు పోతాయి. అందుకే అమ్మాయి చేత పంపిస్తున్నాను.

అంతా బాగానే ఉందని నీతో అన్నాను. బాగా లేదు. కాన్సర్ వైద్యానికని నా రక్తంలోంచి తీసిన తెల్లకణాల్లోకి, వాళ్లు కలిపిన వైరస్ ఎక్కలేదు. భయపడకు, ఆ వైరస్‌లో జబ్బు చేసే గుణం ముందే తీసేశారు. కాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పే జన్యువును కణంలోకి మోసుకెళ్లడమే దాని పని. అది పట్టుకోవడానికి కణం మీద గ్రాహకాలని ఉండాలట. డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. దర్జీవాణ్ణి కదా, నాకు గుండీ, కాజా కనబడ్డాయి. నిద్రలో ఉన్న కణాలకు కాజాలు తక్కువట. నీరసిస్తున్న నా ఒళ్లు చూసి తొందరపడి, అవి సరిగ్గా మేలుకోకముందే వైరస్ కలిపేశారు. "తప్పు మాదే పెద్దాయనా, మళ్లీ రక్తం తీసి చేద్దాం" అంది. ఆమెను చూస్తే జాలేసింది.

నేను వద్దందామనుకుంటున్నాను. రక్తం తీసే ఆ మిషను పక్కన మళ్లీ పడుకోలేను. ఇంటికొచ్చేస్తాను. ఉన్నన్నాళ్లు నీ పక్కన కూర్చుంటాను. అల్లుడి చొక్కాకు కాజాలు మిగిలిపోయాయి. నా చేతులు వణుకుతున్నాయి, ఎవరిచేతైనా కుట్టించు.

ఇట్లు,
నోరులేని నీ మనిషి

*

మా ఇంటి పెద్దగొంతుకు,

నీ జవాబును అమ్మాయి నా మంచం పక్కన నిలబడి గట్టిగా చదివింది. "కణాలు కూడా మీలాంటివేనన్నమాట! సిగ్గుపడి ముసుగుతన్నాయి. వాటిని లేపడానికి వాళ్లకు రెండు మూడు రోజులేగా? మిమ్మల్ని లేపడానికి నాకు పెళ్లయిన నాటినుంచీ సరిపోలేదు. వదిలేసి పుట్టింటికి పోయానా? మాట్లాడకుండా చెయ్యి చాపండి" అని రాశావు. నర్సమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. డాక్టరమ్మ వచ్చి మళ్లీ చదివించుకుంది. నేను గోడవైపు తిరిగాను. కానీ చెయ్యి చాపాను.

ఈసారి వాళ్లు తొందరపడలేదు. కణాలను మందుతో మేల్కొలిపి, కాజాలు పెరిగాయో లేదో పరీక్ష చేసి, సరిపడా ఉన్నాయని తేలాకే వైరస్ కలిపారు. ఆ పొద్దున డాక్టరమ్మ గుమ్మంలోంచే, "పెద్దాయనా, లేచారు మీవాళ్లు!" అని కేకేసింది. తర్వాత వాటిని నాకు ఎక్కించారు. జ్వరం పట్టి కుదిపేసింది. అమ్మాయి హడలిపోయింది. కణాలు పనిలోకి దిగితే ఇలాగే వస్తుందని, కనిపెట్టుకునే ఉన్నామని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. తగ్గింది.

నిన్న ఎముక మజ్జ పరీక్ష ఫలితం వచ్చింది. కాన్సర్ కనబడలేదు. "ఇంకా చూస్తూ ఉండాలి. కానీ ఇంటికి వెళ్లొచ్చు" అంది డాక్టరమ్మ. అలాగేనమ్మా అన్నాను. ఆమె వెళ్లాక దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. అమ్మాయి చూడనట్టు కిటికీ దగ్గర నిలబడింది.

ఇవాళ నర్సమ్మను అడిగి సూదీ దారం తెప్పించుకున్నాను. నా చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకున్నాను. చెయ్యి వణకలేదు. అల్లుడి చొక్కా ఎవరికీ ఇవ్వకు.

ఇంకొకటి. సాయంత్రం ఫోన్ చేస్తాను. ముందు నేను మాట్లాడతాను, నువ్వు కాసేపు ఆగు. ఆగలేకపోతే నువ్వే మాట్లాడు. వింటాను.

ఇట్లు,
మేలుకున్న నీ మనిషి